హాల్లో ఇరవై రెండు సుద్ద గుర్తులు

చేవెళ్ల,
3 జూన్ 2025, మంగళవారం

బిడ్డ విజయరాణికి,

నీ పెద్దబాపు సాలోమోను రాస్తున్నడు. నేను, మీ పెద్దమ్మ సారమ్మ బాగనే ఉన్నం. మీ అమ్మ ప్రమీల మోకాళ్ల నొప్పులు తగ్గినయా? నర్సు ఇంట్లనే నొప్పులు తగ్గకుంటే ఉట్నూరు జనం నిన్ను చూసి నవ్వుతరు.

నీ ఉత్తరం నిన్న ముట్టింది. మొయినాబాద్‌ల ఇల్లు చూసినవు, నచ్చింది, బ్యాంకోళ్లు లోను ఇస్తమన్నరు, బదిలీ కూడ ఇటు దిక్కే వస్తున్నది. మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తే కొంగు కండ్లకు పెట్టుకున్నది. మీ బాపు సాముయేలు నాతోటి ముప్పై ఏండ్లు ఇటుకలు మోసి, మంది ఇండ్లు నిలబెట్టి, తను మాత్రం కిరాయి ఇంట్లనే కన్ను మూసిండు. ఆయన బిడ్డ ఇల్లు కొంటున్నదంటే నాకు కూడ ఛాతి ఇంత అయింది.

రెండో పేజీ చదివిన తర్వాత ఆ ఛాతి పోయింది. కొనే ముందు ఇల్లు పరీక్ష చేసే హోం ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుంటనని రాసినవు. ఎవడు వాడు? యాభై ఏండ్లు తాపీ పట్టిన పెద్దబాపు బతికి ఉండంగ, పైసలిచ్చి పరాయోన్ని పిలుస్తవా? చేవెళ్ల నుంచి చిల్కూరు దాక నేను కట్టిన ఇండ్లు అరవై మూడు ఉన్నయి. పోయి చూడు, ఒక్క గోడ పక్కకు ఒరిగిందేమో.

ఇంటి సంగతి చెప్పేది కాగితం కాదు బిడ్డా, చెవి. తాపీ పిడితోటి టైలు మీద కొట్టాలె, గోడ మీద కొట్టాలె. కింద సిమెంటు నిండుగ ఉంటే గట్టిగ ఒక తీరు పలుకుతది. కింద ఖాళీ ఉంటే డొల్ల శబ్దం వస్తది. ఆ డొల్ల పట్టుకోను నా అంత మేస్త్రి ఈ తాలూకాల లేడని నేను అనుడు కాదు, కాంట్రాక్టర్లే అన్నరు.

ఈ శనివారం కాకుంటే పై శనివారం నేనే పోయి చూస్త. ఇన్‌స్పెక్టర్ ముచ్చట మళ్ల ఎత్తకు.

ఫోన్ మాత్రం చేయకు. నువ్వు పోయినేడు పంపిన ఫోన్ కూడ చెడిపోయింది. అంతకు ముందు దాని లెక్కనే, మాట ఎక్కడో బాయిలకెళ్లి వచ్చినట్టు వస్తది. ఇప్పటి వస్తువులు అన్నీ గింతే. సండే స్కూల్ల నేర్చుకున్న అక్షరాలు ఉన్నయి నాకు, నీకు పెద్ద చదువే ఉన్నది. రాసుకుందాం.

నీ పెద్దబాపు,
సాలోమోను మేస్త్రి


ఉట్నూరు,
9 జూన్ 2025

పెద్దబాపుకు, పెద్దమ్మకు విజయ వందనాలు.

అమ్మ మోకాళ్లు ఫరవాలేదు. ఉట్నూరు జనం నవ్వడం లేదు, వాళ్లకు వాళ్ల నొప్పులే చాలినన్ని ఉన్నాయి.

నీ ఉత్తరం చదివి అమ్మ, "మీ పెద్దబాపు కోపం నాలుగు గీతల కాగితం దాటి బయటికొచ్చింది సూడు" అని నవ్వింది. నేను నవ్వలేదు. నీ పనితనం మీద అనుమానంతో ఆ మాట రాయలేదు పెద్దబాపూ. పందొమ్మిదేళ్ల జీతంలో మిగిల్చింది, ఇంకో పద్దెనిమిదేళ్లు తీర్చాల్సిన లోను, రెండూ ఈ ఒక్క ఇంట్లోకి పోతున్నాయి. ఇది తప్పితే నాకు రెండో ఇల్లు ఉండదు. మా దవాఖానాలో ఎంత పెద్ద డాక్టరైనా సొంత మనిషికి ఆపరేషన్ చేయనంటాడు. చేయి వణుకుతుందని కాదు, కన్ను మొహమాటపడుతుందని. అందుకే బయటి మనిషి ఉంటే మంచిదనుకున్నాను.

అయినా నువ్వు చూస్తానన్నావు కాబట్టి ముందు నువ్వే చూడు. చిల్కూరు రోడ్డు మీద, మొయినాబాద్ దాటగానే కుడిచేతి సందులో మూడో ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒక గది, బాత్రూమ్. కట్టి తొమ్మిదేళ్లయింది. ఇంటాయన గండిపేటలో గేటెడ్ కాలనీకి మారిపోయాడు. బ్రోకర్ బాలప్ప దగ్గర తాళం ఉంటుంది. జూలై నెలాఖరులోగా అగ్రిమెంటు కావాలంటున్నారు.

ఫోన్ సంగతి నాకు అర్థం కావడం లేదు. మొన్న అదే ఫోన్ పెద్దమ్మ ఎత్తింది, పావుగంట మాట్లాడుకున్నాం, చక్కగా వినిపించింది. నా మీద కోపంతో మాట్లాడటం లేదా? అదే అయితే రాయి, సర్దుకుంటాను.

విజయ


చేవెళ్ల,
16 జూన్ 2025

విజయా,

కోపం ఉంటే ముఖం మీదనే అంటా, నా సంగతి నీకు తెల్వదా. మీ పెద్దమ్మ గొంతు పెద్దది, అందుకే ఆ ఫోన్ల పనిచేస్తది. ఇంక ఆ ముచ్చట బంద్.

శనివారం పోయిన. బస్సు దిగి నడిచిన, ఆటో ఎక్కలేదు. బాలప్ప తాళం తీసిండు. మూడు గంటలు చూసిన. తూకంగుండు వేలాడదీసిన, నాలుగు మూలలు నిటారుగ ఉన్నయి. నీళ్ల గొట్టం పెట్టి చూసిన, కింద ఫ్లోర్ సమంగ ఉన్నది. దర్వాజలు రాసుకుంటలేవు. వంటింటి పైకప్పు పాల లెక్క తెల్లగ, కొత్త పుట్టీ, కొత్త రంగు. ఇల్లు కట్టినోడు మంచి మేస్త్రి, ఎవడో గాని.

తర్వాత తాపీ తీసిన. కింద హాల్ నుంచి పైన బాత్రూమ్ దాక ఒక్కొక్క టైలు కొట్టుకుంట పోయిన. మోకాళ్లు గుంజినయి, అయినా విడువలేదు. ఒక్కటంటే ఒక్క డొల్ల లేదు బిడ్డా. ఒక్కటి కూడ. నా జిందగీల గంత సాఫ్ ఇల్లు చూడలేదు.

బాలప్ప వెనక వెనక తిరుగుకుంట ఏదో చెప్తనే ఉన్నడు. బ్రోకర్ల మాటలు నేను ఎన్నడు పట్టించుకోను. ఊఁ ఊఁ అనుకుంట నా పని నేను చేసుకున్న.

ఇల్లు మంచిది. తీసుకో. నీ ఇన్‌స్పెక్టర్ పైసలు మిగిలినయి, మీ అమ్మకు మంచి కుర్చీ కొను.

నీ పెద్దబాపు,
ఒక్క డొల్ల లేదని రాసి ఇచ్చిన సాలోమోను


ఉట్నూరు,
21 జూన్ 2025

పెద్దబాపుకు వందనాలు.

నీ ఉత్తరం ముట్టిన నాడే కొనేద్దామనుకున్నాను. సాయంత్రం బాలప్ప ఫోన్ చేశాడు. ఆయన అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "మేడం, మీ పెద్దాయన అంత సూసుకున్నడు. పైన బాత్రూమ్ల రెండేండ్ల కింద నీళ్లు దిగితే రిపేర్ చేయించినమని నేను సాఫ్ చెప్పిన. ఆయన సరే అని తల ఊపిండు. బయానా కూడ ఈ నెలల్నే అంటే, దానికి కూడ ఊపిండు."

పెద్దబాపూ, ఆ బాత్రూమ్ వంటింటి పైనే ఉంది. నీళ్లు దిగిన సంగతి నీకు చెబితే నాకు ఎందుకు రాయలేదు? చిన్నదని వదిలేశావా? బయానా అడ్వాన్సుకు నన్ను అడగకుండా ఎట్లా ఒప్పుకున్నావు? నువ్వు దాచే మనిషివి కాదు. అందుకే నాకు ఏమీ తోచడం లేదు. నలభై ఒక్కేళ్లలో నీ మీద ఇట్లాంటి ఉత్తరం రాయాల్సి వస్తుందనుకోలేదు.

బయానా ఇవ్వనని బాలప్పకు చెప్పేశాను. ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుంటున్నాను. దీని మీద నువ్వు కోపగించుకున్నా సరే.

విజయ


చేవెళ్ల,
27 జూన్ 2025

విజయరాణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మీ పెద్దమ్మ అడిగింది ఏం రాసిందని. నొప్పులు తగ్గినయట అని చెప్పిన.

తల ఊపిన. అవును. వాడు నోరు మూయడు, నేను ఊపకపోతే ఇంకా చెప్తడు. వాడు ఏం చెప్పిండో నేను వినలేదు. గింతే సంగతి. దాచేటోన్ని కాదని నువ్వే రాసినవు, మంచిగ రాసినవు.

సరే. ఇన్‌స్పెక్టర్ కావాలె నీకు. పెట్టుకో. కాని ఎవన్ని పెట్టాలెనో నేను చెప్తా. గోడకు బోర్డు తగిలించినోళ్లు అందరు ఇన్‌స్పెక్టర్లు కారు. వచ్చినోన్ని ముందు నా ఇంటికి తోలు. 1984ల నా చేతులతోటి కట్టుకున్న ఇల్లు ఇది. దీని తప్పులు మూడు ఉన్నయి. అవి నాకు, పైనున్న దేవునికి తప్ప మీ పెద్దమ్మకు కూడ తెల్వదు. ఆ మూడు ఎవరు పట్టుకుంటే వాళ్లు నీ ఇల్లు చూడనీ.

తర్వాత నేను మాట మార్చిన అని ఎవ్వరు అనొద్దు, అందుకే ఇప్పుడే రాసి పంపుతున్న, ఈ కాగితం దాచు.

ఒకటి. తూర్పు గది కిటికీ మీద అడ్డంగ పోసిన లింటల్, గోడ మీద ఆరు అంగుళాలు కూర్చోవాలె, ఎడమ దిక్కు మూడే కూర్చున్నది. అప్పుడు ఇనుప సలాక సరిపోలేదు. చిన్న పగులు వస్తే ప్లాస్టర్ చేసి మూసిన.

రెండు. వంటింటి తూము వాలు ఉల్టా ఉన్నది. నీళ్లు పోతయి కాని ఆగి ఆగి పోతయి. మీ పెద్దమ్మ నలభై ఏండ్ల నుంచి తూమును తిడుతున్నది. తిట్టవలసింది నన్ను.

మూడు. పైకి పోయే మెట్లల్ల ఎనిమిదో మెట్టు అంగుళం ఎత్తు ఎక్కువ. ఆ మెట్టుకు సెంట్రింగ్ చెక్కలు కొట్టేటప్పుడే దవాఖానకెళ్లి కబురు వచ్చింది, ఆడపిల్ల పుట్టిందని. మీ బాపు సంబురంల కొలత తప్పిండు, నేను చూడలేదు. ఆ పిల్లవి నువ్వే. అందుకే దాన్ని పగలగొట్టి సరిచేయ బుద్ధి కాలేదు.

పంపు నీ ఇన్‌స్పెక్టర్లను.

సాలోమోను


ఉట్నూరు,
3 జూలై 2025

పెద్దబాపుకు వందనాలు.

ఎనిమిదో మెట్టు సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఆ రోజు నుంచి నన్ను పిలవాల్సి వచ్చినప్పుడల్లా "ఓ ఎనిమిదో మెట్టూ" అంటోంది. కాగితం బీరువాలో పెట్టాను.

నీ పరీక్ష నాకు నచ్చింది. ఇంత తెలివి నాకు రాలేదు. మన దగ్గర ఈ పనికి సర్కారు లైసెన్సు లాంటిదేమీ లేదని విన్నాను, ఎవరైనా కార్డు అచ్చు వేయించుకోవచ్చట. అందుకే ఫోన్లో పదిమందితో మాట్లాడి ముగ్గురిని తేల్చాను. సివిల్ చదువు చదివారా, ఇప్పటికి ఎన్ని ఇళ్లు చూశారు, ముందు ఇచ్చిన రిపోర్టు ఒకటి చూపిస్తారా అని అడిగాను. అమ్మేవాళ్లతో గానీ బ్రోకర్‌తో గానీ సంబంధం ఉందా అని కూడా అడిగాను. నువ్వు ఇంకొకటి చూడు. తప్పు చూపించి, ఆ తప్పును నేనే బాగుచేస్తానని పని అడిగేవాడు వద్దు. అట్లాంటివాడికి మన ఇంట్లో ఎన్ని తప్పులుంటే అంత లాభం. చూస్తున్నంతసేపు పక్కన ఇంటివాళ్లు ఉంటే ఒప్పుకోనివాళ్లు కూడా వద్దు.

పన్నెండో తారీఖు శనివారం ముగ్గురూ వేర్వేరు సమయాల్లో వస్తారు. ఇల్లు కట్టింది నువ్వే అని మాత్రం చెప్పకు.

పోయిన ఉత్తరంలో "వాడు ఏం చెప్పిండో నేను వినలేదు" అని రాశావు. ఆ మాట నన్ను వదలడం లేదు. మళ్లీ రాస్తాను.

విజయ


చేవెళ్ల,
14 జూలై 2025

విజయకు పెద్దబాపు రాసేది.

ముగ్గురు వచ్చి పోయిన్రు. జరిగింది జరిగినట్టు రాస్తా.

మొదటోడు మంచి షర్టు వేసుకొని వచ్చిండు. ఇంటి మీదికి ఎగిరే బొమ్మ ఒకటి తోలిండు, మా వాడ పిల్లలందరు గుమిగూడిన్రు. తను మాత్రం మెట్లు ఎక్కలేదు. వంటింట్లకు తొంగి చూసి బయటికొచ్చిండు. ఇరవై నిమిషాలు. నలభై పేజీల కాగితం పంపుతడట. ఇంట్ల దిగనోడు నలభై పేజీలు దేని గురించి రాస్తడో వానికే తెల్వాలె. ఏమైన తప్పులు ఉన్నయా అంటే, "పాత ఇల్లు కదా అంకుల్, కామన్" అన్నడు. పొమ్మన్న.

రెండోడు లింటల్ పట్టిండు. శభాష్ అనుకున్న. పట్టిన నిమిషానికే జేబులకెళ్లి ఇంకో కార్డు తీసిండు. "మన టీమ్ ఉన్నది సార్, వారంల లింటల్ మారుస్త, పైన వాటర్ ప్రూఫింగ్ కూడ చేసిస్త" అన్నడు. నువ్వు రాసిన మాట యాదికొచ్చింది. చాయ తాగిపిచ్చి పంపిన.

మూడోది ఆడపిల్ల. మేఘ. గండిపేట దిక్కు ఉంటదట. ఇంత పిల్ల, బూట్లు వేసుకొని, భుజాన సంచి, స్కూటీ మీద మడతల నిచ్చెన. గీమె ఏం చూస్తదిలే అనుకున్న. సంచిలకెళ్లి టార్చి తీసింది, తేమ చూసే మిషన్ తీసింది, కొసకు చిన్న ఇనుప గుండు ఉన్న సన్న కడ్డీ తీసింది. ముందుగాల వంటింట్లకు పోయి బిందెడు నీళ్లు తూముల గుమ్మరించి, గడియారం చూసుకుంట నిలబడ్డది.

"అవ్వా, ఈ నీళ్లు ఎప్పుడు ఇట్లనే ఆగుతయా?" అని మీ పెద్దమ్మను అడిగింది.

"ఈ ఇంట్లకు వచ్చిన నాటి నుంచి," అన్నది మీ పెద్దమ్మ.

"వాలు ఉల్టా ఉన్నదవ్వా. మీ తప్పు కాదు."

మీ పెద్దమ్మ నా దిక్కు చూసిన చూపు నేను రాయలేను.

తర్వాత లింటల్ పట్టింది. మెట్లు ఎక్కుకుంట ఎనిమిదో దాని మీద ఆగి, దిగి, మళ్ల ఎక్కి, టేపు పెట్టింది. "తాతా, ఇల్లు ఎవరు కట్టిన్రు?" అని గట్టిగ అరిచి అడిగింది.

"ఎవరో."

"చేయి మంచిది. ఈ మెట్టు కాడ మాత్రం మనసు ఎక్కడనో ఉన్నది ఆయనకు."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మూడు పట్టింది. ఇగ కూర్చో బిడ్డా, చాయ తాగు అందామనుకున్న. గంతల్నే ఆ పిల్ల హాల్ల కింద కూర్చొని కడ్డీతోటి టైల్స్ మీద కొట్టుడు మొదలుపెట్టింది. కొట్టి కొట్టి సుద్దముక్కతోటి గుర్తులు పెట్టింది. ఇరవై రెండు. అవన్ని డొల్ల అట.

ఆ టైల్స్ రెండేండ్ల కింద నేను వేసినయి. ఒక్కొక్కటి తాపీ పిడితోటి కొట్టి, చూసుకొని వేసినయి. నేను కూడ కూర్చొని కొట్టిన. నాకు ఒక్క డొల్ల తేలలేదు. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. అదే మాట అన్న. ఆ పిల్ల తప్పు ఒప్పుకోదు. మీ పెద్దమ్మ వంటింట్లకెళ్లి వచ్చి, "ఆ పిల్ల కొడుతుంటే నాకు పొయ్యి కాడికి వినిపిస్తున్నది" అన్నది. ఇద్దరు ఆడోళ్లు ఒక్కటైన్రు.

మూడు పట్టిన మాట నిజం. కాని పేరు కోసం నాలుగోది పుట్టించేటోళ్లు నీకు పనికిరారు. మేఘ వద్దు. ఇంకొకళ్లను చూడు. లేకుంటే నా మాట ఉండనే ఉన్నది, మొయినాబాద్ ఇంట్ల ఒక్క డొల్ల లేదు.

సుద్ద గుర్తులు తుడవనియ్యలేదు మీ పెద్దమ్మ.

సాలోమోను


ఉట్నూరు,
19 జూలై 2025

పెద్దబాపుకు వందనాలు.

ఇది నీ తమ్ముని బిడ్డగా సగం, నర్సుగా సగం రాస్తున్నాను. ఏ సగం మీద కోపం వచ్చినా రెండో సగం మాట విను.

ఫోన్ పాడైందన్నావు. నేను కొత్తది పంపాను, అదీ పాడైందన్నావు. పెద్దమ్మకు రెండూ పనిచేస్తున్నాయి. బాలప్ప చెప్పింది నువ్వు వినలేదు. మేఘ నీతో మాట్లాడాలంటే గట్టిగా అరవాల్సి వచ్చిందని నువ్వే రాశావు. ఇట్లాంటి పెద్దవాళ్లను రోజుకు పదిమందిని చూస్తాను పెద్దబాపూ. ముందుగా సన్నటి శబ్దాలు పోతాయి. మనిషికి తెలియదు. లోకమే మెల్లగా మాట్లాడుతోందనుకుంటాడు. యాభై ఏళ్లు రాళ్లు కొట్టే చోట, మిక్సర్ పక్కన నిలబడ్డవాడికి ఇది రాకుండా ఉంటేనే వింత.

వాదించను. నువ్వు ఇన్‌స్పెక్టర్లకు పరీక్ష పెట్టావు. నేను నీకొకటి పెడుతున్నాను. సుద్ద గుర్తు పెట్టిన టైల్స్‌లో ఒకటి తీసి చూడు. నువ్వే తియ్యి, ఎవరినీ పిలవకు. కింద నిండుగా ఉంటే మేఘ తప్పు, నువ్వు ఒప్పు. అప్పుడు మొయినాబాద్ ఇంటికి ఇంకెవరినీ పిలవను. నీ తాపీ మాట మీదే ముప్పై ఒకటో తారీఖున అగ్రిమెంటు మీద సంతకం పెడతాను. పందొమ్మిదేళ్లది, పద్దెనిమిదేళ్లది, అంతా నీ మాట మీద పెడతాను.

ఏం కనబడిందో ఒక్క ముక్క రాయి. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాను. పెద్దమ్మను అడగను.

నీ ఎనిమిదో మెట్టు,
విజయ


(కార్డు)

చేవెళ్ల, 24 జూలై, గురువారం

విజయా, తీసిన. సంతకం పెట్టకు. మీ పెద్దమ్మతోటి ఫోన్ కూడ చేయిస్తున్న, కాని ఈ మాట నా చేతి రాతల ఉండాలె. మేఘకు కబురు పెట్టిన. ఉత్తరం వెనక వస్తది. సాలోమోను.


చేవెళ్ల,
29 జూలై 2025

నా బిడ్డ విజయరాణికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి చెప్పులు వేసుకొని బయటికి పోయిన. చర్చి దాక పోయి, నేను కట్టిన ప్రహరీ గోడ చూసి వచ్చిన. గోడ బాగనే ఉన్నది. ఒక్క టైలు తీసుడుకు గంత భయం ఎందుకని నన్ను నేనే తిట్టుకొని, గురువారం పొద్దుగాల ఉలి, సుత్తె తీసిన.

కిటికీ దిక్కు, మూడో వరుస. లేపంగనే లేచింది. సిమెంటు పట్టుకున్న టైలు ఊడనంటది, ఇది అతిథి లెక్క లేచి వచ్చింది. నాలుగు మూలలకు నాలుగు సిమెంటు ముద్దలు, నడుమ అంత ఖాళీ. నా చేతి గుర్తులు ఆ ముద్దల మీదనే ఉన్నయి. ఇంకోటి తీసిన. గట్లనే. మూడోది తీయలేదు, ఆ పిల్ల సుద్ద మీద నమ్మకం కుదిరింది.

ఎట్ల జరిగిందో చెప్తా. టైలు పెట్టి, పిడితోటి కొట్టి, డొల్ల పలికితే లేపి సిమెంటు నింపి మళ్ల పెట్టుడు నా పద్ధతి. చిన్నప్పటి నుంచి అదే. రెండేండ్ల కింద ఒక్క టైలు కూడ డొల్ల పలకలేదు. నా పనితనం పెరిగింది అనుకున్న. డొల్ల వినిపిస్తలేదని అనుకోలే.

మొయినాబాద్ ఇంటి కాడ కూడ అదే చేసిన. నాకు ఏ శబ్దం రాలే. రాకపోయేసరికి, ఒక్క డొల్ల లేదని నీకు రాసి కింద పేరు పెట్టిన. నువ్వు నా మాట మీద సంతకం పెడితే మీ బాపుకు ఏం జవాబు చెప్పేటోన్ని? ఆ ఒక్క సంగతికి మాత్రం నాకు సిగ్గున్నది. మిగిలిన దేనికి లేదు.

శనివారం మేఘతోటి మొయినాబాద్ పోయిన. స్కూటీ మీద వెనక కూర్చున్న, నిచ్చెన నేనే పట్టుకున్న. బాలప్ప నన్ను చూసి నవ్వుకుంట ఏదో అన్నడు. ఊఁ అనబోయి ఆగిన. "నాకు చెవులు వినవు. గట్టిగ చెప్పు," అన్న. మొట్టమొదటిసారి ఒక మనిషి ముంగట ఆ మాట అన్న విజయా. ఏం కాలేదు. ఆకాశం గట్లనే ఉన్నది.

బాలప్ప నా చెవి కాడికి వచ్చి అరిచిండు. "పెద్దమనిషీ, పోయిన తాప అంత మంచిగున్నదని తల ఊపినవు గద! మళ్ల ఈమె ఎందుకు?"

"ఊపిన. ఇయ్యాల ఈమె అయినంక మళ్ల ఊపుతా. ఏ దిక్కు ఊపుతనో చూడు," అన్న.

మేఘ నాలుగు గంటలు చూసింది. పైన బాత్రూమ్ల సగం టైల్స్ మీద సుద్ద పడ్డది. తర్వాత వంటింట్లకు వచ్చి పాల లెక్క తెల్లగున్న పైకప్పుకు మిషన్ పెట్టింది. అంత తేమనే. నిచ్చెన ఎక్కి కడ్డీతోటి మెల్లగ కొట్టింది, పుట్టీ పెచ్చు లేచి నా కాళ్ల కాడ పడ్డది. లోపల సలాక తుప్పు పట్టి పొరలు పొరలుగ ఉన్నది. ఆ మాత్రం చూడనీకి చెవులు అక్కరలేదు, చూసిన. నీళ్లు ఎన్నడు ఆగలేదు. మీద రంగు వేసిన్రు, అంతే. రేపు మీ అమ్మ కుర్చీ వేసుకొని కూరగాయలు కోసుకునే జాగ ఆ స్లాబు కిందనే.

తూకం, నీళ్ల మట్టం నేను చెప్పినవి రెండు సరిగనే ఉన్నయని మేఘ కాగితంల రాసింది. అది కూడ నీకు తెల్వాలె.

కొనాల్నా వద్దా అని అడిగిన. "తాతా, అది నేను చెప్పను. ఏమున్నదో చెప్తా, బాగుచేయాలంటే ఏం చేయాల్నో చెప్తా. కొనేది విజయగారు," అన్నది. బాగుచేసే పని నువ్వు చేస్తవా అని కూడ అడిగిన, పరీక్షకు. "చేయను. ఎవరికి పని ఇప్పియ్యను కూడ," అన్నది. ఈమె రిపోర్టు నీకు ఫోన్ల పంపుతది. పన్నెండు పేజీలే ఉంటది. ప్రతి పేజీ మీద పని ఉంటది.

ఆమె చెప్పదు కాని నేను చెప్తా, నాకు అడ్డం లేదు. ఆ ఇల్లు విడిచిపెట్టు. బాలప్పకు తల అడ్డంగనే ఊపి వచ్చిన. మొయినాబాద్‌ల ఇండ్లు ఇంకా ఉన్నయి. ఇప్పుడు మనకు వాటిని చూసే మనిషి దొరికింది, ఇల్లు అదే దొరుకుతది. ఈ సారి నేను ఎంత మంచిగ చెప్పినా సరే, మేఘ కొట్టి చూసినంకనే సంతకం పెట్టు. ఇది కూడ దాచు, లింటల్ కాగితం పక్కన.

వచ్చే సోమవారం మీ పెద్దమ్మ నన్ను చెవుల డాక్టర్ కాడికి తీసుకపోతదట. మిషన్ ఇస్తరేమో, పెట్టుకుంటనో లేదో చూద్దాం. ఫోన్లు రెండు మంచియే. ఒకటి మీ అమ్మకు వాపస్ పంపుతున్న.

హాల్ పని నిన్న మొదలుపెట్టిన. ఇరవై రెండు టైల్స్ నేనే లేపుతున్న, నేనే వేస్తున్న, ఇంకొకన్ని రానియ్యను. మేఘ తన కడ్డీ విడిచిపెట్టి పోయింది. మీ పెద్దమ్మ పీట వేసుకొని కూర్చొని, నేను వేసిన టైలు మీద కొడుతది, చెవి పెట్టి వింటది, తల ఊపుతది. ఊపినంకనే పక్క టైలుకు పోతున్న. నలభై ఏండ్లు తూము ఉల్టా పెట్టినోని పని మీద కూర్చుండు ఆమెకు మస్తు ఖుషీగ ఉన్నది.

పదిహేడో దాని కాడ అడ్డంగ ఊపింది. నాకు మాత్రం గట్టిగనే ఉన్నట్టు అనిపించింది.

లేపి చూసిన. ఒక మూలకు సిమెంటు తక్కువున్నది. నింపి మళ్ల వేసిన.

నీ పెద్దబాపు,
సాలోమోను మేస్త్రి